రెండంతస్తుల ఇంటికి రెండు రౌటర్లు: అడ్రస్‌లు పంచే పని మాత్రం ఒక్కదానిదే

భీమవరంలో మా ఇల్లు కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. కింద అత్తయ్య, మామయ్య ఉంటారు. పైన మేము, పిల్లలు. నా ఆఫీసు పని ఇంటి నుంచే. పైన ఉత్తరం వైపు గదిలో కూర్చుంటాను. ఫైబర్ వైరు వీధి స్తంభం నుంచి కింద హాల్లోకి వస్తుంది కాబట్టి ఫైబర్ బాక్స్ కూడా అక్కడే, టీవీ పక్కన గోడకు ఉంది. మా మొదటి రౌటర్ అదే, కింద మెయిన్ రౌటర్ అని చెప్పేది దీన్నే. గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లు ఇలాగే ఉంటాయి, ఇబ్బందీ ఒకలాగే ఉంటుంది. కింద నెట్ బాగానే వస్తుంది, పైన వీడియో కాల్ పెట్టగానే చక్రం తిరుగుతుంది.

దానికి అందరూ చేసేది ఇంకో రౌటర్ కొనడం, లేదా అటక మీది పాతదాన్ని దింపడం. అది మంచి ఆలోచనే. దాన్ని కింద ఉన్న రౌటర్‌కు ఎలా తగిలించాలన్న దగ్గరే చిక్కు వస్తుంది. మా వీధిలోనూ, చుట్టాల ఇళ్లలోనూ ఈ పని చేసిపెడుతుంటాను. ఎవరింటికి వెళ్లినా ముందు చెప్పే మాట ఒకటే: ఇంట్లో పెట్టెలు ఎన్నైనా ఉండొచ్చు, రౌటర్ పని చేసేది మాత్రం ఒక్కటే ఉండాలి.

రౌటర్ అని మనం కొనే పెట్టెలో నాలుగు పనులు కలిసి ఉంటాయి. ఇంట్లోని ప్రతి ఫోనుకూ, టీవీకీ ఒక ఐపీ అడ్రస్ ఇవ్వడం ఒకటి, దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. ఇంట్లోవాళ్లందరినీ ఒకే బయటి అడ్రస్ మీద ఇంటర్నెట్‌కు పంపడం రెండోది, దాని పేరు నాట్. వెనకున్న నాలుగు ల్యాన్ పోర్టులను, అంటే ఇంట్లోని వస్తువులకు కేబుల్ తగిలించే చోట్లను, కలిపే స్విచ్ మూడోది. వైఫై నాలుగోది. పైన పెట్టే రెండో రౌటర్‌కు చివరి రెండు పనులు చాలు. మొదటి రెండూ కూడా చేయనిస్తే, ఒకే వీధికి ఇద్దరు మనుషులు ఎవరికి వారు ఇంటి నంబర్లు వేసుకుంటూ పోయినట్టు అవుతుంది. పైనున్న ఫోనుకు కిందున్న టీవీ కనిపించదు, ప్రింటర్ దొరకదు. ఒక్కోసారి నెట్ వస్తుంది, ఒక్కోసారి రాదు. రెండో రౌటర్‌ను ఇలా చివరి రెండు పనులకే పెట్టడాన్ని యాక్సెస్ పాయింట్‌గా వాడటం అంటారు.

ముందు ఇల్లంతా తిరిగి చూడండి

కొనే ముందు ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి ఉచిత యాప్ ఒకటి వేసుకుని, గది గదికీ వెళ్లి సిగ్నల్ చూడండి. ఐఫోన్ ఉన్నవాళ్లు యాపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో వైఫై స్కానర్ ఆన్ చేసుకోవాలి. అంకె మైనస్‌లో వస్తుంది. మైనస్ 50 ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కు ఢోకా లేదు. మైనస్ 70 దాటితే మాటలు తెగుతాయి, మైనస్ 80 దగ్గర పేరు కనిపిస్తుంది గానీ పని జరగదు. ఈ అంకెలను ఒక కాగితం మీద గదుల బొమ్మ గీసి రాసుకుంటే, రెండో పెట్టె ఎక్కడ ఉండాలో ఆ కాగితమే చెబుతుంది.

సిగ్నల్‌ను మింగేవి మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. ఇనుప చువ్వలున్న స్లాబు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు. రౌటర్‌ను బీరువా వెనక పెట్టి సిగ్నల్ రావట్లేదనే ఇళ్లు చూశాను. అలాంటి చోట పెట్టెను నాలుగడుగులు జరిపి, మనిషి తల ఎత్తులో, ఎదురుగా ఏ అడ్డూ లేకుండా పెట్టగానే పక్క గదికి సిగ్నల్ అందింది. రెండో రౌటర్ ఖర్చు పెట్టుకునే ముందు ఇది చేసి చూడండి. పక్క గదికి ఇది చాలవచ్చు. స్లాబు దాటాలంటే మాత్రం చాలదు.

కేబుల్

నా అభిప్రాయంలో ఈ మొత్తం పనిలో డబ్బు పెట్టాల్సింది కేబుల్ మీదే. రెండు రౌటర్ల మధ్య వైరు ఉంటే మామూలు రౌటర్లు కూడా చక్కగా పనిచేస్తాయి. వైరు లేకుండా ఎంత ఖరీదైనవి పెట్టినా గోడలతో పోరాటం తప్పదు.

క్యాట్ 6 కేబుల్ తీసుకోండి. క్యాట్ 5ఈ అయినా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్పీడుకు సరిపోతుంది. రెండింటికీ పొడవు పరిమితి 100 మీటర్లు, ఏ ఇంటికైనా అది ఎక్కువే. షాపులో అడగాల్సింది లోపలి తీగ పూర్తి రాగేనా అని. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవకగా దొరుకుతుంది, కానీ వంపుల దగ్గర విరుగుతుంది. సందేహం ఉంటే తీగ చివర బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం, వద్దని చెప్పి వచ్చేయండి.

పై అంతస్తుకు కేబుల్ తీసుకెళ్లడానికి మేము మెట్ల పక్క గోడ వెంట తెల్ల ప్లాస్టిక్ కేసింగ్ కొట్టించి, స్లాబులో ఒక్క రంధ్రం వేయించాం. కరెంటు వైర్లున్న పైపులోనే నెట్ కేబుల్ కూడా దూర్చేస్తామని ఎలక్ట్రీషియన్లు అంటారు. ఒప్పుకోకండి. 230 వోల్టుల వైరు ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే ఆ కరెంటు పెట్టెల్లోకీ, వాటిని ముట్టుకున్న మనిషిలోకీ వస్తుంది. పక్కపక్కన పోతే సిగ్నల్‌లో గలిబిలి కూడా వస్తుంది. ఇంటి బయట నుంచి, డాబా మీద నుంచి కేబుల్ లాగడం కూడా వీలైనంత వరకు వద్దు. వానాకాలంలో దగ్గర్లో పిడుగు పడితే బయటి కేబుల్ గుండానే పోర్టులు కాలిపోతాయి. బయట నుంచి తప్పదంటే ఎండకూ వానకూ తట్టుకునే నల్ల తొడుగు కేబుల్ వాడి, ఉరుములు మొదలవగానే రెండు వైపులా ప్లగ్ తీసేయండి.

చివర్లకు ప్లగ్ కొట్టేటప్పుడు రెండు వైపులా రంగుల వరస ఒకటే ఉండాలి. ప్లగ్ క్లిప్పు కింది వైపు, వైరు మన వైపు ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి చూస్తే వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిది తీగలూ తగలాలి. నాలుగే తగిలినా నెట్ వస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ స్పీడు 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. మీ ప్లాన్ 200, 300 అయి ఉండి, పైన స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా 94 దగ్గరే నిలిచిపోతుంటే కారణం అదే అయ్యుంటుంది. లేదా పాత రౌటర్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది కావచ్చు. పెట్టె మీద గిగాబిట్ అని లేకపోతే పోర్టు 100 అనే అనుకోండి.

రెండో రౌటర్‌ను సెట్ చేయడం

దీన్ని మెయిన్ రౌటర్‌కు తగిలించక ముందే, విడిగా ఒక ల్యాప్‌టాప్‌తో సెట్ చేయండి. రౌటర్‌ను కరెంటుకు పెట్టి, వెనకున్న రీసెట్ బటన్‌ను పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పాత సెట్టింగులన్నీ పోతాయి. తర్వాత ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, ఒక చిన్న కేబుల్‌తో రౌటర్ ల్యాన్ పోర్టుకు కలపండి. బ్రౌజర్‌లో రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రస్ కొట్టండి. 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది.

లోపలికి వెళ్లగానే ఆపరేషన్ మోడ్ అనే చోటు వెతకండి. ఈ మధ్య వచ్చిన టీపీ-లింక్, డీ-లింక్, టెండా రౌటర్లు చాలావాటిలో అక్కడ యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటుంది. దాన్ని ఎంచుకుని సేవ్ చేస్తే రౌటర్ ఒకసారి ఆగి మళ్లీ లేస్తుంది, డీహెచ్‌సీపీ, నాట్ రెండూ వాటంతట అవే ఆగిపోతాయి. ఇక కింది నుంచి వచ్చిన కేబుల్ తగిలించి, వైఫై పేరు పెట్టుకుంటే సరిపోతుంది.

పాత రౌటర్‌లో ఆ మోడ్ లేకపోయినా పని ఆగదు, చేత్తో చేయాలంతే. ఇక్కడ వరస ముఖ్యం.

ముందు మెయిన్ రౌటర్ అడ్రస్ ఏమిటో తెలుసుకోండి. కింది వైఫైలో ఉన్న ఫోన్ తెరిచి, వైఫై వివరాల్లో గేట్‌వే అని ఉన్నచోట చూస్తే తెలుస్తుంది. చాలావాటికి 192.168.1.1 ఉంటుంది. జియో ఫైబర్ బాక్సులకు 192.168.29.1. మాది 192.168.1.1 అనుకుని చెబుతాను, మీరు మూడో అంకెను మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి. మెయిన్ రౌటర్‌లోకి వెళ్లి, డీహెచ్‌సీపీ చివరి అంకె ఎంత నుంచి ఎంత దాకా అడ్రస్‌లు పంచుతోందో చూడండి. 2 నుంచి 254 దాకా అని ఉంటే దాన్ని 100 నుంచి 200 దాకా అని మార్చండి. వంద అడ్రస్‌లు ఏ ఇంటికైనా చాలు, కింది అంకెలు మన చేతిలో ఉంటాయి.

ఇప్పుడు రెండో రౌటర్‌లో ల్యాన్ సెట్టింగ్స్‌కు వెళ్లి దాని అడ్రస్‌ను 192.168.1.2 చేయండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అలాగే ఉంచండి. సేవ్ చేయగానే పేజీ తెగిపోతుంది, టెన్షన్ పడక్కర్లేదు. అడ్రస్ మారింది కాబట్టి అలా అవుతుంది. ల్యాప్‌టాప్ కేబుల్ ఒకసారి తీసి పెట్టి, ఈసారి 192.168.1.2 అని కొట్టి లోపలికి వెళ్లండి. అప్పుడు డీహెచ్‌సీపీ సర్వర్‌ను ఆఫ్ చేయండి. దీన్ని ముందే ఆపేసి అడ్రస్ తర్వాత మారుద్దామంటే, ల్యాప్‌టాప్‌కు అడ్రస్ ఇచ్చేవాళ్లు లేక పేజీ తెరుచుకోదు. ఒకవేళ అలా ఇరుక్కుంటే, ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో చేత్తో ఒక అడ్రస్ ఇచ్చుకుంటే చాలు. రౌటర్ 192.168.1.2 మీద ఉంటే ల్యాప్‌టాప్‌కు 192.168.1.50 ఇవ్వండి. రౌటర్ ఇంకా పాత అడ్రస్ మీదే ఉంటే, దాని మూడో అంకెతో కలిసేలా ఇవ్వాలి. పని అయ్యాక ల్యాప్‌టాప్‌లో మళ్లీ ఆటోమేటిక్ పెట్టడం మర్చిపోకండి.

చివరగా, కింది మెయిన్ రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి వచ్చిన కేబుల్‌ను పైన రెండో రౌటర్ ల్యాన్ పోర్టులోనే పెట్టండి. వేరే రంగులో, పక్కకు విడిగా ఉండే వాన్ పోర్టు (బయటి నెట్ కోసం ఉన్నది) ఖాళీగా ఉండాలి. చేత్తో సెట్ చేసే ఈ పద్ధతిలో వాన్ పోర్టులో పెడితే మనం చేసిన పనంతా వృథా. రౌటర్ మళ్లీ నాట్ మొదలుపెడుతుంది, పైగా అటూ ఇటూ ఒకే వరస అడ్రస్‌లు ఉండటం వల్ల నెట్టే రాదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. స్పీడు పెరుగుతుందని రెండు రౌటర్ల మధ్య రెండు కేబుళ్లు పెట్టకండి. డేటా ఆ రెండు వైర్ల మధ్య గుండ్రంగా తిరుగుతూనే ఉండి ఇంట్లో నెట్‌వర్క్ మొత్తం కుప్పకూలుతుంది. రౌటర్ మీది లైట్లన్నీ ఆగకుండా టపటపా కొట్టుకుంటూ ఏ ఫోనులోనూ నెట్ రాకపోతే, ముందు అనుమానించాల్సింది దీన్నే. పిల్లలు ఖాళీగా వేలాడుతున్న కేబుల్ చివరను తీసుకెళ్లి అదే రౌటర్‌లో ఇంకో పోర్టులో గుచ్చినా ఇంతే జరుగుతుంది.

వైఫై పేరు, చానల్

పైనా కిందా వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే పెట్టండి. కింద డబ్ల్యూపీఏ2 ఉంటే పైనా అదే. అప్పుడు ఫోన్ మెట్లెక్కాక తనంతట తాను పై రౌటర్‌కు మారుతుంది. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే, రౌటర్ కాదు. కొన్ని ఫోన్లు కింది సిగ్నల్ బాగా బలహీనపడేదాకా దాన్నే పట్టుకుని వేలాడతాయి. దానికి మందు, కింది రౌటర్‌లో ట్రాన్స్‌మిట్ పవర్‌ను హై నుంచి మీడియంకు తగ్గించడం. పవర్ తగ్గిస్తే వైఫై బాగుపడుతుందంటే మామయ్య మొదట నమ్మలేదు. రెండు పెట్టెల పరిధి ఒకదాని మీద ఒకటి మరీ ఎక్కువగా పడకపోవడమే మనకు కావాల్సింది.

చానల్, అంటే వైఫై సిగ్నల్ నడిచే దారి, మాత్రం వేర్వేరుగా ఉండాలి. వైఫైకి 2.4 గిగాహెర్ట్‌జ్, 5 గిగాహెర్ట్‌జ్ అని బ్యాండ్లు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11. కింద 1 పెడితే పైన 11 పెట్టండి. యాప్‌లో చూసినప్పుడు పక్కింటివాళ్లు 11 మీద గట్టిగా ఉంటే 6 తీసుకోండి. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్‌జ్ ఉంచండి. ఇళ్లు ఆనుకుని ఉన్న వీధుల్లో 40 పెడితే మీకూ పక్కవాళ్లకూ ఇద్దరికీ నష్టమే. 5 గిగాహెర్ట్‌జ్‌లో కింద 36, పైన 149 పెడితే గొడవే ఉండదు. 5 గిగాహెర్ట్‌జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు అంత బాగా దాటలేదు. 2.4 నెమ్మదిగా ఉన్నా దూరం వెళుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు 5, గేటు దగ్గర కెమెరాకు 2.4 అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంట్లో కదలని వస్తువులను, అంటే స్మార్ట్ టీవీని, నా ఆఫీసు కంప్యూటర్‌ను నేను వైఫైతో కలపను. రౌటర్ ల్యాన్ పోర్టుల్లో ఖాళీలు ఉన్నాయి కదా, కేబుల్ పెట్టేస్తాను. వాటి బరువు తగ్గితే ఫోన్లకు వైఫై ఖాళీగా దొరుకుతుంది.

కేబుల్ వేయలేని ఇల్లు

అద్దె ఇంట్లో గోడలకు రంధ్రం వేయనివ్వరు. అప్పుడు రిపీటర్ (వైఫై సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పెట్టె) గానీ మెష్ (ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే పెట్టెల సెట్టు) గానీ దారి. రిపీటర్‌ను సిగ్నల్ అందని గదిలో పెడతారు చాలామంది. రానిదాన్ని అది ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? మెయిన్ రౌటర్‌కూ ఆ గదికీ మధ్యలో, యాప్‌లో ఇంకా మైనస్ 60, 65 కనిపించే చోట పెట్టాలి. ఒకే బ్యాండ్ మీద తీసుకుంటూ ఇస్తూ ఉండటం వల్ల స్పీడు సుమారు సగం అవుతుందని తెలిసే కొనండి. మెష్ కొంటే ట్రై-బ్యాండ్‌ది, అంటే మూడు బ్యాండ్లున్నది మేలు, రెండు పెట్టెల మధ్య మాటలకు ఒక బ్యాండ్‌ను విడిగా ఉంచగలదు. మెష్‌ను ఫైబర్ బాక్స్ వెనక తగిలించేటప్పుడు కూడా మొదటి సూత్రమే: రెండూ రౌటర్లుగా ఉండకూడదు. మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. కాదంటే నెట్ ఇచ్చేవాళ్లను అడిగి ఫైబర్ బాక్స్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి నెట్‌ను దాటించడం మాత్రమే చేసేలా పెట్టించుకోండి. బ్రిడ్జ్ చేయిస్తే లాగిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీ చేతికి రావాలి. ల్యాండ్‌లైన్ ఫోన్ ఆ బాక్స్ నుంచే నడుస్తుంటే అది ఆగిపోదు కదా అని ముందే అడగండి.

పై పోర్షన్ అద్దెకు ఇచ్చినప్పుడు

పైన అద్దెవాళ్లు ఉండి నెట్ పంచుకుంటుంటే లెక్క మారుతుంది. అక్కడ రెండు నెట్‌వర్కులూ విడిగా ఉండటమే మనకు కావాలి. రెండో రౌటర్‌ను రౌటర్‌గానే ఉంచి వాన్ పోర్టులో కేబుల్ పెడితే విడిపోయినట్టేనని చెబుతుంటారు. సగమే నిజం. కింద ఉన్న మనకు పైవాళ్ల సామాన్లు కనపడవు. కానీ పైవాళ్లు బయటికి వెళ్లే దారి మన నెట్‌వర్క్ మీదుగానే కాబట్టి, అడ్రస్ తెలిస్తే మన కెమెరానూ, కంప్యూటర్‌నూ చేరుకోగలరు. వాళ్లకు మెయిన్ రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్ (బయటివాళ్ల కోసం విడిగా ఉండే వైఫై) ఇవ్వడం మంచిది. ఆ సిగ్నల్ పైకి అందకపోతే మూడో రౌటర్ కావాలి: మెయిన్‌కు మనదొకటి, వాళ్లదొకటి, రెండూ వాన్ పోర్టుల ద్వారా తగిలించి, మెయిన్ రౌటర్‌కు ఇంకే సామానూ నేరుగా కలపకుండా వదిలేయాలి. ఈ ఏర్పాటులో మూడింటి అడ్రస్ వరసలూ వేర్వేరుగా ఉండాలి. చవక రౌటర్లను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాక వాటిలోని గెస్ట్ నెట్‌వర్క్ పేరుకే వేరు, విడదీయదు. దాన్ని నమ్మకండి.

కరెంటు పోతే

పైన రౌటర్ వెలుగుతున్నా కింద ఫైబర్ బాక్స్ ఆగితే ఇల్లంతా నెట్ లేనట్టే. ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు మారే ఆ క్షణంలో చాలా రౌటర్లు ఆగి మళ్లీ లేస్తాయి, మీటింగ్ మధ్యలో అయితే రెండు మూడు నిమిషాలు పోయినట్టే. రౌటర్లకు వాడే చిన్న యూపీఎస్ ప్రతి పెట్టెకూ ఒకటి పెడితే ఈ బాధ ఉండదు. కొనేముందు అడాప్టర్ మీద అంకె చూడండి. ఎక్కువవాటికి 12 వోల్టులు, కొన్ని చిన్న రౌటర్లకు 9. తొమ్మిది వోల్టుల రౌటర్‌కు పన్నెండు ఇస్తే కాలిపోవచ్చు. ఆంపియర్లు మాత్రం అడాప్టర్ మీద ఉన్నంతకు తగ్గకూడదు, ఎక్కువ ఉంటే పర్వాలేదు.

సరిగ్గా కుదిరిందో లేదో

పైన నిలబడి ఫోన్‌లో వైఫై వివరాలు తెరవండి. గేట్‌వే 192.168.1.1 అనీ, ఫోన్ అడ్రస్ 100 నుంచి 200 లోపు అనీ ఉండాలి. గేట్‌వే 192.168.1.2 అని వస్తే పై రౌటర్ డీహెచ్‌సీపీ ఇంకా ఆగలేదు. చేత్తో సెట్ చేసి ఉంటే, బ్రౌజర్‌లో 192.168.1.2 కొడితే పై రౌటర్ పేజీ రావాలి. పై నుంచి కింది టీవీకి ఒక వీడియో కాస్ట్ చేయండి, ప్రింటర్‌కు ఒక పేజీ పంపండి. ఈ రెండూ జరిగితే ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అయినట్టు. తర్వాత ఎవరికైనా వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి మాట్లాడుతూ మెట్లు దిగండి. మారేటప్పుడు ఒక్క క్షణం ఆగితే సహజమే. కాల్ కట్ అయిపోతుంటే పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం రెండుచోట్లా ఒకటేనా అని మళ్లీ చూసి, కింది రౌటర్ పవర్ ఇంకాస్త తగ్గించండి.

రెండు రౌటర్లకూ అడ్మిన్ పాస్‌వర్డ్ (సెట్టింగ్స్‌లోకి వెళ్లడానికి కొట్టేది) మార్చండి, డబ్ల్యూపీఎస్ (వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండానే బటన్‌తో కలిపే సదుపాయం) ఆపేయండి. అడ్రస్‌లు, చానళ్లు, ఏ కేబుల్ ఏ పోర్టులోదో ఒక కాగితం మీద రాసి ఫైబర్ బాక్స్ పక్కన అంటించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితం మీద వద్దు, ఇంట్లో డైరీలో రాసుకోండి. నెట్ రిపేరుకు వచ్చే అబ్బాయి ముందు రీసెట్ బటన్ మీదకే వెళతాడు. పై రౌటర్‌ను రీసెట్ చేయొద్దని అదే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. రీసెట్ అయిందంటే అది మళ్లీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది.